మంద మీది పిడుదులు

పశువుల ఆస్పత్రి ల్యాబులో ఆమెను అందరూ పిడుదులమ్మ అంటారు. పశువుల ఒంటికి కరుచుకుని రక్తం తాగే పిడుదుల్ని ఏరి, వాటి జన్యువులు చూసి, ఏది ఎక్కడి సంతతిదో చెప్పడం ఆమె పని. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు పొద్దున గోడకంటించిన నోటీసు చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. బయటినుంచి వచ్చిన పశువుల్ని కొన్నాళ్లు వేరుగా ఉంచే విడి కొట్టం ఒకటుంది. అందులో ఉన్న రెండు వందల ఇరవై గొర్రెల్నీ చంపెయ్యాలట. పదకొండింటికి పెద్ద డాక్టరు సంతకం. ఆ గొర్రెలు ఆమె సొంత అన్నవి.

కోపం ముందు అన్న మీదికే పోయింది. ఏ మందుకీ చావని పిడుదులు ఈ ఏడు డెయిరీ ఆవుల్ని పీల్చి పిప్పి చేశాయి. సరిగ్గా అవే అన్న గొర్రెల మీదా దొరికాయి. "నా మంద శుభ్రంగా ఉందే, నీ మీద ఒట్టు" అని అన్న ఫోన్లో మొత్తుకుంటే, "రుజువు నా బల్ల మీదుంది, నాకు కథలు చెప్పకు" అని ఠక్కున పెట్టేసింది. కొండలెక్కి తిరిగే మందే ఈ పీడను మోసుకొచ్చిందని డెయిరీ యజమాని ఊరంతా టాంటాం వేశాడు. పెద్ద డాక్టరు దానికి తలకాయ ఊపాడు. ఆ ఊపుడు తల్చుకుంటే మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయింది. లారీల్లో ఆవుల్ని దింపుకునేవాడు పెద్దమనిషీ, కాళ్లరిగేలా నడిచేవాడు దోషీనా? ఇదెక్కడి న్యాయం!

ఆ కసితోనే ఫలితాల కాగితాలు మళ్లీ ముందేసుకుంది.

అన్న మంద నాలుగు నెలల్లో పదకొండు కొండలు చుట్టి దిగుతుంది. ఏ గడ్డిలో మేస్తే ఆ గడ్డిలోని పిడుదు ఎక్కుతుంది, తాగినంత తాగి ఇంకో కొండ మీద రాలిపోతుంది, అక్కడివాటి సంతతిలో కలిసిపోతుంది. అందుకే నడిచే మంద మీది పిడుదులు రైలుపెట్టెలో జనంలా ఉంటాయి, తలా ఒక ఊరు. నిరుడు అన్న గొర్రెల మీద తీసినవి అలాగే ఉన్నాయి. మరి ఈసారో? నలభై తీస్తే నలభైకి నలభై ఒకే తల్లి పిల్లలు! పైగా డెయిరీ ఆవుల మీదివాటి వంశమే.

"ఓరి దేవుడా! పదకొండు కొండలు తిరిగితే ఒక్క తల్లి పిల్లలే ఎక్కుతాయా?" అని పైకే అనేసింది. ఇవి ఒకే చోట, ఒకేసారి ఎక్కినవి. గసగసాల గింజంతే ఉన్నాయి కూడా. అప్పుడప్పుడే గుడ్డులోంచి బయటపడ్డవి.

కొట్టం రిజిస్టరు తెప్పించింది. రెండు నెలల కింద డెయిరీ యజమాని దూరం నుంచి లారీల్లో తెప్పించిన ఆవుల్ని ఆ కొట్టంలోనే ఉంచారు. ఆవుల మీంచి రాలిన పిడుదు గోడ నెర్రెల్లో గుడ్లు పెట్టింది. అవి పగిలి పిల్లలు ఆకలితో కాచుకుని ఉంటే, వాటి మధ్యకి కొండ దిగొచ్చిన అన్న గొర్రెల్ని తోలారు.

"దొరికాడు దొంగ!" అని లేవబోయి, కింది వరుసలో తేదీ చూసి అలాగే కూలబడింది. పిడుదుల్ని గేటు దగ్గరే, మంద లోపల అడుగు పెట్టకముందే ఏరాలి. అది నియమం. ఆమె ఏరింది మూడో రోజు. మొదటి రోజు వాన పడుతోందని బద్ధకించి, లోపలున్న మంద ఎక్కడికి పోతుందిలే అనుకుంది. సంతకం తనదే. చెంపలు వాయించుకోవాలనిపించింది. వాయించుకుంది కూడా.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా పెద్ద డాక్టరు గది తలుపు తోసుకుని వెళ్లింది. డాక్టరు చేతిలో పెన్ను. ఎదురుగా కాలు మీద కాలేసుకుని డెయిరీ యజమాని. గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని అన్న.

"సంతకం ఆపండి సార్. ఆ పిడుదులు మంద తెచ్చినవి కావు, మన కొట్టం అంటించినవి. నేను గేటు దగ్గర ఏరలేదు, మూడో రోజు ఏరాను. తప్పు నాది."

"అన్న కోసం అబద్ధమాడుతోందండీ" అన్నాడు యజమాని.

"అబద్ధమైతే నా నెత్తి మీదికి నేనే తెచ్చుకుంటానా? నిరుటివీ ఇప్పటివీ పక్కపక్కన పెట్టాను, చూసుకోండి. మీ ఆవులు వెళ్లాక ఆ కొట్టం ఎవరైనా కడిగారా? చెప్పండి!" అని గట్టిగా అరిచింది. యజమాని కాలు మీది కాలు దించాడు.

డాక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. నీకు మెమో తప్పదని గొణిగి, ఉత్తర్వు చించేశాడు.

అన్న ఆమె వైపు చూడనైనా చూడకుండా విసవిసా కొట్టం దగ్గరికి నడిచాడు. గొళ్లెం తియ్యబోతుంటే ఆమె పరిగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యకన్నా. ఇప్పుడు వాటి మీద నిజంగానే ఉన్నాయి. నువ్వు నడిపించావంటే పదకొండు కొండల మీదా ఇవే రాలతాయి, అందరి మందలకీ ఎక్కుతాయి. వెనక నెర్రెల్లేని సిమెంటు గచ్చు మీదికి మారుద్దాం. అన్నీ రాలి చచ్చేదాకా కదలకూడదు."

అన్న మొహం కందగడ్డలా అయిపోయింది.

"లేనిదాన్ని అంటించింది మీరు. నన్ను దొంగని చేసింది మీరు. ఇప్పుడు మోసుకుపోతానని ఆపేదీ మీరేనా? డాక్టరు నమ్మలేదంటే సరే, ఆయన నాకేమవుతాడు? నువ్వు నా తోడబుట్టినదానివి. నా మాట పక్కన పెట్టి పురుగు మాట నమ్మావు కదే!"

అన్న కర్ర విసిరికొట్టాడు.

"అయితే ఏరు. రెండు వందల ఇరవై. ఒక్కొక్కటీ నీ చేత్తో ఏరు."

చేత్తో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. అయినా మందను వెనక్కి మార్చాక గచ్చు మీద చతికిలబడి, మొదటి గొర్రె చెవి మడిచి మొదలెట్టింది. తొమ్మిదోది అయ్యేసరికి గోళ్లు నొప్పెట్టాయి, కళ్లు చెమ్మగిల్లాయి, తన మీద తనకే పట్టరాని కోపం. అన్న పదో గొర్రెని కొమ్ములు పట్టి ఈడ్చుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. మొహం మాత్రం అటే తిప్పుకుని ఉన్నాడు.