రాహేలు అడిగిన మాట

మాచవరంలో బోరు మోటార్లు బాగుచేసే కృపావరం, భార్య రాహేలును ఆపరేషన్‌కి గుంటూరు తీసుకెళ్తూ నడికుడి స్టేషన్‌లో కూర్చున్నాడు. రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఆమె కడుపులో గడ్డ పెద్దదని డాక్టరు చెప్పినప్పటి నుంచి అతనికి గుండెదడ. దడ మొదలైనప్పుడల్లా చెయ్యి దానంతటదే ఫోను కోసం జేబులోకి పోయేది. వేలితో వీడియోలు పైకి తోస్తున్నంతసేపూ భయం తెలిసేది కాదు.

రాహేలు ఏదో అడిగింది. అతను తలెత్తకుండా "ఊఁ" అన్నాడు.

"నిజంగానేనా?"

"ఊఁ."

ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుని అతని భుజానికి తల ఆనించింది.

మర్నాడు ఆపరేషన్ బల్ల మీదే ఆమె ప్రాణం పోయింది.

సమాధి చేసి వచ్చాక కృపావరానికి ఆ "నిజంగానేనా" గుర్తొచ్చింది. తను దేనికి ఒప్పుకున్నాడు? ఎంత తలచుకున్నా ఆమె మాట అందలేదు. అప్పుడు చూసినవి మాత్రం వరసగా కళ్ళ ముందుకొచ్చాయి: తలతో కొబ్బరికాయ పగలగొట్టినవాడు, బావిలో పడ్డ దూడ, ఎవరిదో పెళ్ళిలో డాన్సు.

వారం తర్వాత నడికుడి వెళ్ళాడు. ఆ రోజు బెంచీ పక్కనే జామకాయలు అమ్మిన పీరాంబీ కనిపించింది.

"పెద్దమ్మా, ఆ రోజు మా ఇంటిది నన్నేందో అడిగింది. నువ్వేమన్నా విన్నావా?"

"పాప గురించేందో అన్నదయ్యా. గూడ్సు బండి పోతా ఉంటే సరిగ్గా ఇనబడలా. అయినా అడిగింది నిన్నే గదా? నువ్వు ఊఁ అంటివి గదా!"

"నేను ఇన్లేదు పెద్దమ్మా."

"అయితే మీ ఇంటిదాన్నే అడగరాదూ?"

అతను ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. పీరాంబీకి అర్థమైంది. తట్ట పక్కకు నెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళ కూతురు ఎస్తేరును దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మా, నీకేం కావాలని మీయమ్మను అడిగావే?"

"చానా అడిగా నాన్నా."

"అన్నీ చెప్పు."

ఎస్తేరు మొదలుపెట్టింది. "అమ్మ నాకు జడేసేటప్పుడు..." అంటుండగానే అతని గుండె దడదడలాడింది. చెయ్యి జేబులోకి పోయింది.

పిల్ల ఆ చెయ్యి చూసి ఆగిపోయింది.

అతను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. "చెప్పమ్మా, ఇంటున్నా."

"ఏం లేదులే నాన్నా. నువ్వు ఫోను చూసుకో."

కోపంగా అనలేదు. రోజూ అనే మాటలాగే అని, లేచి లోపలికి పోయింది.