అందరినీ పిలిచిన గొంతు

నేను ఒక యాప్‌ని. చేతికి దొరకను, తూకానికి రాను. మీ ఫోన్ అద్దం వెనక వేలెడంత చోటులో ఉంటాను. మనుషులు వింతవాళ్లు. ఫోన్ చెదరగొట్టిన మనసును మళ్లీ ఫోన్‌తోనే కుదుర్చుకోవాలని చూస్తారు. అందుకోసమే నేను పుట్టాను.

నన్ను తయారుచేసింది మధూలిక. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో పని. నాకు ఏ చప్పుడు పెట్టాలా అని వానలూ అలలూ పిట్టలూ విని, ఏదీ నచ్చక, అనకాపల్లిలో మజ్జిగ అమ్ముకునే మేనత్త సింహాచలం దగ్గరికి వెళ్లింది. అత్త చల్ల చిలికేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవరు. పిలిస్తే వెన్న పడదని ఆమె నమ్మకం. వీధిలోంచి ఎవరు కేకేసినా పలకదు.

మధూలిక ఫోన్ పక్కన పెట్టి ఆ చప్పుడంతా పట్టుకుంది. మొదట పలచగా, వెన్న పడేకొద్దీ బరువుగా తిరిగే కవ్వం. తెరమీద ఒక కుండ. అంతే నా రూపం.

"ఇది ఎవర్నీ రమ్మనదత్తా. గంట కొట్టదు. నీ ఇంటి పద్ధతే దీనికీ."

"అయితే నీకన్నా బుద్దిమంతురాలేనే ఇది," అంది అత్త.

మధూలిక చెప్పులేసుకుని "వెళ్లొస్తానత్తా" అన్నప్పుడు కూడా ఫోన్ వింటూనే ఉంది.

"మల్లెప్పుడొస్తావే? నన్ను మర్సిపోకే తల్లీ, రాయే."

పెళ్లయిన కొత్తలోనే అత్త భర్త ఓడ పనికని వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆమె తనవాళ్లను ఆ మాట అనకుండా గుమ్మం దాటనివ్వదు.

జనం నన్ను పొగిడారు. పొగిడినంత తొందరగా మరిచిపోయారు.

"పిలవకపోతే పెళ్లికే రారు మధూ, నీ మజ్జిగకొస్తారా?" అన్నాడు మేనేజరు కిరీటి.

మధూలిక కొన్నాళ్లు మొండికేసింది. తర్వాత తనే ఆ రికార్డింగు చివర ఉన్న అత్త మాటను కత్తిరించి నాలో పిలుపుగా పెట్టింది. అప్పుడు ఆమె ముఖంలో బెరుకు కన్నా మురిపెమే ఎక్కువ. అత్తకు మాత్రం చెప్పలేదు. నన్ను ఏ మాట మీద చేసిందో ఆ మాటే తప్పింది. అడుగుదామంటే నాకు సొంత నోరు లేదు. ఉన్నది అత్తది.

వేల జేబుల్లోంచి పిలిచాను. జనం పరుగున వచ్చారు.

ఒక మధ్యాహ్నం అనకాపల్లి బెల్లం కొట్టులో, గుమస్తా జేబులో ఉన్నాను. అత్త బెల్లం కోసం వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను పిలిచాను. "నన్ను మర్సిపోకే తల్లీ, రాయే."

అత్త ఉలిక్కిపడింది. "అది నా గొంతు కదేటి!"

"ఓలమ్మో! రోజూ నన్ను రా రా అంటున్నది నువ్వా అత్తా? మా ఆవిడ అనుమానంతో సచ్చిపోతంది!" అన్నాడు గుమస్తా.

కొట్టంతా నవ్వింది. అత్త బెల్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆనాటి నుంచి మధూలిక ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కొట్లో జరిగింది చుట్టాల ద్వారా మధూలికకు తెలిసింది. నాలోంచి ఆ గొంతు తీసేసి, అనకాపల్లి బస్సెక్కింది.

"తీసేశానత్తా. ఇంక ఎవరికీ వినబడదు."

"నిన్ను సూసి నీతో అన్న మాటది. దాన్ని ఊరందరికీ పంచీసినావు."

"బాగుందనే పెట్టానత్తా..."

"బాగుంటే మాత్రం నన్నడగవేటే?"

ఆ తర్వాత అత్త అన్నం పెట్టింది. వద్దంటున్నా కూర మారు వడ్డించింది. మధూలిక ప్రాణం కుదుటపడింది. సాయంత్రం చెప్పులేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, "వెళ్లొస్తానత్తా," అంది.

అత్త ఎంగిలి మెతుకులు కంచంలోకి ఏరుతోంది.

మధూలిక ఇంకాస్త గట్టిగా, "వెళ్లొస్తాను," అంది.

"బస్సెల్లిపోద్ది," అని అత్త ఎంగిలి కంచాలు తీసుకుని దొడ్లోకి వెళ్లింది.

సంచిలోంచి నాకు కంచాలు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వీధి చివర బస్సు హారను కొట్టింది. మధూలిక గుమ్మం దగ్గరనుంచి కదల్లేదు.