మూత ఉన్న మంచం

మా ఆడపడుచు సాయిలక్ష్మి ముఖం చూసి, నవ్వు రాకుండా నాలుక కరుచుకోవాల్సి వచ్చింది నాకు. ముఖమంతా కమిలి ఇటుకరంగుకి తిరిగింది. కళ్ళ చుట్టూ మాత్రం రెండు తెల్లటి వలయాలు. కళ్ళజోడు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం పొలంలో నిద్రపోయిన మనిషిలా ఉంది.

"ఏంటి వదినా, ఏమైంది?" అన్నాను.

"గ్లో," అంది గర్వంగా. "మొదట ఇట్టా కమిలినట్టు ఉండిద్దంట. తర్వాత లోపల్నుంచి తెలుపు తన్నుకొచ్చిద్ది. నువ్వూ పడుకుందువుగానిలే, శ్రీమంతానికి ముందు నాలుగైదు సార్లు."

సాయిలక్ష్మి వదినకి చిలకలూరిపేటలో హైవే పక్కన బ్యూటీ పార్లర్ ఉంది. హైదరాబాదులో ఏదో జిమ్ము మూసేస్తుంటే అక్కడి నుంచి ఒక మెషీను కొనుక్కొచ్చింది. చూడటానికి మంచంలా ఉంటుంది, పైన మూత ఉంటుంది. కింద గాజు, పైన గాజు, గాజు వెనక వరసగా ట్యూబులైట్లు. లోపల పడుకుని మూత వేసుకోవాలి. అమ్మినవాడు దాన్ని గ్లో బెడ్ అన్నాడు. మా వదిన దృష్టిలో గ్లో అంటే తెలుపే, ఇంకో రంగు లేదు.

నేను ఫోన్లో వెతికి చూశాను. తెల్లదేశాలవాళ్ళు ఒళ్ళు గోధుమరంగుకి తెచ్చుకోవడానికి పడుకునే మంచం అది. మనకేమో రథసప్తమి దాటితే చాలు, గొడుగు లేకుండా గుమ్మం దాటలేం. అలాంటి ఊరికి కరెంటు ఎండని లారీలో వేయించుకొచ్చింది మహాతల్లి.

నవ్వుకుని వదిలేసేదాన్నే. కానీ బిడ్డ తెల్లగా పుడుతుందంటూ నన్ను ఆ మంచంలో పడుకోబెట్టాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నాకప్పుడు నాలుగో నెల. అంతకుముందు ఏడాది ఒక బిడ్డ మూడో నెలలోనే పోయింది. "మళ్ళీ వచ్చిద్దిలే" అన్నారు అందరూ, బస్సు తప్పిపోయినట్టు. మళ్ళీ వచ్చింది. ఈసారి పోనివ్వను. దేవుడడ్డం వచ్చినా పోనివ్వను.

మా అత్తయ్య పేరు సామ్రాజ్యం. పేరుకి తగ్గ మనిషే. నాలుగెకరాల మిరప, కల్లంలో పాతికమంది కూలీలు, అందరూ ఆవిడ గొంతుకి హడలు. రంగు నలుపు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన నిగనిగలాడే నలుపు. నా కడుపు సంగతి తెలిసిన రోజు నుంచీ పొద్దున్నే కుంకుమపువ్వు పాలు తెచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది.

"అత్తయ్యా, ఆ మంచం వద్దండి," అన్నాను ఆ రాత్రి అన్నాల దగ్గర.

"ఎందుకొద్దు? మీ వదినేమన్నా పరాయిదా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నన్ను చూసుకోవడానికొచ్చినప్పుడు మీ మామయ్య వాళ్ళ మేనత్త ఏమందో తెలుసా? దీపం పెట్టండర్రా, పిల్ల కనపడట్లేదు అంది. అందరూ నవ్వారు. నాకు పదహారేళ్ళు. నా మనవరాలు ఆ మాట పడకూడదు, అంతే."

మా ఆయన ఉదయ్ కుమార్ వైపు చూశాను. ఆయన మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు, అక్కడ వందమంది మీద అరుస్తాడు. ఇంట్లో మజ్జిగ పోసుకుంటాడు.

"ఒక్కసారి పడుకుంటే ఏమయిద్దే? అక్క పాపం ఎంతో ఆశపడి కొంది," అన్నాడు.

"అయితే మీరెళ్ళి పడుకోండి. మీకూ గ్లో కావాలిగా," అన్నాను. ఆయన మజ్జిగ ఇంకొంచెం పోసుకున్నాడు.

మర్నాడు నరసరావుపేటలో మా డాక్టరు ఫాతిమా గారి దగ్గరికి చెకప్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ మంచం ఫొటో చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎండలో చర్మాన్ని పాడుచేసే కిరణాలే ఇందులోనూ ఉంటాయమ్మా, ఇంకా గట్టిగా. కడుపుతో లేనివాళ్ళకే వద్దని చెప్తాను. పైగా మూతేసుకుని పడుకుంటే ఒళ్ళు లోపలిదాకా వేడెక్కుతుంది. మొదటి నెలల్లో ఆ వేడి బిడ్డకి మంచిది కాదు. నీకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తున్నానా? ఈ కిరణాలు దాన్ని ఒంట్లో తగ్గించేయొచ్చని కూడా అంటున్నారు. ముఖం మీద మంగు వచ్చిందంటే సరేసరి, అంత తేలిగ్గా పోదు."

"ఒక్కసారికే ఏమైనా అవుతుందాండి?"

"కాకపోవచ్చు. ఏమీ కాదని మాత్రం ఎవరూ రుజువు చెయ్యలేదు. అయినా ఆ మంచం నీకేమిస్తుందని పడుకుంటావు? బిడ్డ రంగు నువ్వు తాగే పాలతోనూ మారదు, ఆ లైట్లతోనూ మారదు."

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్తయ్య చెయ్యి విసిరింది. "డాక్టర్లు అన్నీ వద్దనే అంటారు. వాళ్ళ మాట వింటే గాలి కూడా పీల్చకూడదు. శుక్రవారం మంచిరోజు. చిలకలూరిపేట వెళ్దాం."

ఆ క్షణాన ఒకటి నిశ్చయించుకున్నాను. ఇంట్లో ఎంత మొత్తుకున్నా ఈ గొడవ తెగదు. ఇవాళ తప్పించుకుంటే రేపు మళ్ళీ మొదలెడతారు. ఆ మంచం దగ్గరే తేల్చేయాలి. "సరే అత్తయ్యా, వెళ్దాం పదండి," అన్నాను. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఉండు నీ పని చెప్తా, అనుకున్నాను మనసులో.

శుక్రవారం పార్లర్‌కి వెళ్ళేసరికి వదిన మంచానికి పసుపు కుంకుమలు పెట్టి మరీ సిద్ధంగా ఉంది. స్విచ్చి వేసింది. ట్యూబులన్నీ నీలంగా వెలిగి, గదంతా జుమ్మని శబ్దం. మూత ఎత్తి, "రా మాధవీ, చీర మార్చుకో," అంది.

నేను కదల్లేదు.

"అత్తయ్యా, మొన్న చంద్రగ్రహణం రోజు నన్నెక్కడ ఉంచారు?"

"ఇప్పుడెందుకే ఆ గోల?"

"చెప్పండి."

"లోపలి గదిలో."

"కిటికీ సందుల్లో ఏం కూరారు?"

నేనే చెప్పాను. "పత్తి కూరారు. మన చేలో పత్తే. ఒక్క సందు కూడా వదల్లేదు. తలుపు కింద గోనెపట్టా కుక్కారు. పొద్దుగూకింది మొదలు గ్రహణం విడిచేదాకా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. కాలు ముడవొద్దన్నారు, గోరు గిల్లుకోవద్దన్నారు. దాహమేసినా నోరెత్తలేదు నేను. గ్రహణానికి భయపడి కాదత్తయ్యా. పత్తి కూరిన సందుల్నే మీరు మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకోవటం చూశాను. పోయిన బిడ్డ మీక్కూడా గుర్తుందని ఆ రోజే తెలిసింది నాకు."

వదిన అత్తయ్య వైపు తిరిగింది.

"చంద్రుడు. చల్లటి చంద్రుడు. ఆయన వెలుతురు దారప్పోగంత కూడా నా కడుపు మీద పడకూడదన్నారే! మరిందులో ఎన్ని సూర్యుళ్ళున్నారో లెక్కపెట్టండి. ఆ సూర్యుళ్ళ మధ్య నన్ను పెట్టి మూతేస్తారా? మీ చేత్తో వెయ్యండి మూత. మీరేస్తే పడుకుంటా."

ఆ చివరి మాట అబద్ధం. ఆవిడ వేసినా పడుకునేదాన్ని కాదు, తన్నుకునైనా బయటపడేదాన్ని. కానీ ఆవిడ వెయ్యదని నా నమ్మకం.

అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళింది. గాజుల చెయ్యి ట్యూబుల కింద పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది. చెయ్యి నీలంగా కనిపించింది. కాసేపటికి వెనక్కి లాక్కుని రెండో చేత్తో రుద్దుకుంది.

"సాయీ, ఇది ఎండేనే."

"ఎండ కాదమ్మా, లైటు..."

"నలభై ఏళ్ళు ఎండలో చేశానే నేను. నాకు తెలవదా ఎండంటే?"

వదినకి ఏడుపొక్కటే తక్కువ. "అమ్మా, మొదట్లో కమిలిద్ది గానీ తర్వాత తెల్లబడుద్ది. మన మిరపకాయలు చూడు, కల్లంలో ఎక్కువరోజులు ఎండితే తెల్లబడవూ?"

అంతే. అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. కల్లంలో ఆవిడ అలా ఎగదోపుకుందంటే కూలీలందరూ తలలు దించుకుంటారు.

"తెల్లబడ్డ కాయనేమంటామే?"

వదిన నేల చూపులు చూసింది.

"నోరు పెగల్దేం? తాలు అంటాం. ఏరి అవతల పోస్తాం. మిర్చి యార్డులో దాని మొహం చూసే నాథుడుండడు. నా మనవరాల్ని తాలుకాయ చేస్తావంటే, కడుపులో ఉండగానే? అద్దంలో నీ మొహం చూసుకున్నావా అసలు? ఏ దొంగసచ్చినోడు అమ్మాడో వాడికి ఫోన్ చెయ్, వచ్చి తీసుకుపొమ్మను. నేను మాట్లాడతా."

వంగి వైరు పట్టుకుని గోడలోంచి ఒక్క లాగు లాగింది. జుమ్మనే శబ్దం ఆగింది. గది ఉన్నట్టుండి మామూలుగా అయిపోయింది. బయట హైవే మీద లారీ హారన్లు వినిపించాయి.

వదిన స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. పాపం అనిపించింది నాకు. నన్ను చెడగొట్టాలని చెయ్యలేదు, మేనకోడలు తెల్లగా పుట్టాలని చేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "వదినా, ముందు మీరు డాక్టరుకి చూపించుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకెవరైనా వస్తే దీని దగ్గరికి రానివ్వనని ఒట్టేయండి," అన్నాను. ఒట్టేసింది. తెల్లటి వలయాల్లోంచి కన్నీళ్ళు కారుతుంటే ఈసారి నాకు నవ్వు రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాం. రోడ్డుకి రెండువైపులా కల్లాలు, కనుచూపు మేర ఎర్రగా కాయలు. ఘాటుకి ఆటో అబ్బాయి తుమ్ముతూనే నడుపుతున్నాడు.

"మాధవీ," అంది అత్తయ్య. "నల్లగానే పుడితేనో?"

"నాయనమ్మ పోలిక అని ఊరంతా చెప్పుకుంటా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎవరి ముందూ కంటతడి పెట్టని సామ్రాజ్యం, ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తున్నా లెక్కచెయ్యకుండా బావురుమంది.

"పుడితే చాలే తల్లీ. ఏ రంగైనా కానీ. ఈసారి పుడితే చాలు."

నాకూ ఏడుపాగలేదు. ఆవిడ చెయ్యి తీసుకుని నా కడుపు మీద పెట్టుకున్నాను. ట్యూబుల కింద పెట్టిన చెయ్యే, ఇంకా వెచ్చగా ఉంది. కాసేపు అలాగే ఉంచింది. ఆటో మలుపు తిరగ్గానే పక్కనుంచి ఎండ ఏటవాలుగా నా ఒళ్ళో పడింది. అత్తయ్య ముక్కు చీదుకుని, చీర కొంగు పరిచి నా కడుపుకి అడ్డంగా పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి దించలేదు.