మోరీకి అవతల

మిరుగం కార్తె నాటి వాన తెరిపివ్వగానే ఊరు ఊరంతా బుట్టలు, పాత చీరలు, చిరిగిన దోమతెరలు పట్టుకొని రోడ్డు కింది కల్వర్టు దగ్గరికి వచ్చేసింది. నీళ్లకూ జనానికీ మధ్య కర్ర అడ్డంపెట్టి మాణిక్ ఒక్కడే నిలబడ్డాడు.

"జరుగురా మాణిక్యా," అన్నాడు గజానన్ పటేల్. "మిరుగం నాడు చాప తినకుంటే ఏడాదంతా దగ్గుడే. మందులు నువ్వు తెస్తవా?"

"ఒక్క పూట ఆగుండ్రి పటేలా. పొద్దు నెత్తిమీదికచ్చేదాంక పట్టమని మాటిచ్చిండ్రు."

"ఇచ్చినం. ఇచ్చిననాడు చాపలు కనబడలే. ఇప్పుడు కనబడుతున్నయ్ గద!"

జనం గొల్లుమన్నారు. మాణిక్ నవ్వలేదు. ఈ పూట గడిస్తే చెల్లెలు ఊళ్లోనే నిలుస్తుంది. గడవకపోతే చెరుకు లారీ ఎక్కుతుంది.

ఇస్లాపూర్ దాటాక పై వాడకు రోడ్డు వేసినప్పుడు వాగుకు అడ్డంగా సిమెంటు పైపులు పరిచి పైన మట్టి పోశారు. జనం దాన్ని మోరీ అంటారు. పైపుల కొస వాగు అడుగుకు నడుమెత్తున తేలింది. తొలివానకు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలు ఆ ధార కింద ఎగిరెగిరి పడి, పైకి పోలేక అక్కడే గుంపు కట్టేవి. కింది ఊరికి పండగే పండగ. బుట్ట ముంచితే చాలు, కూరకు సరిపడా. మోరీ కట్టిన కాంట్రాక్టరుకు శాలువా కూడా కప్పారు. తాము తింటున్నవన్నీ కడుపుతో ఉన్న చేపలేనని, వచ్చే ఏడు చేపలను కూడా తామే తినేస్తున్నామని ఎవరికీ తట్టలేదు.

మోరీకి ఎగువనున్న మడుగు ఏటేటా చేపల్లేక వట్టిపోయింది. మాణిక్ చెల్లెలు చంద్రభాగ బతుకు ఆ మడుగు చేపల మీదే. ఆమె భర్త చెరుకు నరకడానికి పోయి, బండి తిరగబడి అక్కడే చచ్చిపోయాడు. "ఈసారి కూడా చాపలు రాకుంటే నేనూ ముకాదం ఎంబడి చెరుకుకే పోత అన్నా," అంది ఆమె మొన్న చలికాలంలో. కూలీలను లారీలకెత్తే ఆ ముకాదం పేరు వింటేనే మాణిక్‌కు చెల్లెలి మొగుడి చావే గుర్తొస్తుంది.

నాందేడ్ నుంచి రోడ్డు చూడటానికి వచ్చిన ప్రతీక్ష అనే ఇంజనీరును పట్టుకొని చేపలు పైకెక్కే ఉపాయం అడిగాడు. పైపులు ఇప్పట్లో మార్చలేమందామె. కింద రాళ్లతో మెట్టుకొక గుంట కడితే చేప ఒక్కో గుంటలో అలుపు తీర్చుకొని ఎక్కుతుందని, పైపు అడుగున రాళ్లు పొదిగితే నీటి ఉరవడి తగ్గుతుందని గీసి చూపింది. దగ్గరుండి కట్టించింది. ఎండాకాలమంతా మాణిక్ ఆ రాళ్లు మోశాడు.

"ఆగుండ్రి బిడ్డా," అంది ముసలి ఉమాబాయి, బోర్లించిన బుట్ట మీద కూర్చుంటూ. "ఎక్కుతయా లేదా చూద్దాం. ఎక్కకుంటే మాణిక్‌నే కోసి కూరొండుదాం."

"వీని ఒంట్ల కూరెక్కడిది అత్తా, అన్నీ ముండ్లే!" అన్నాడు గజానన్.

అప్పుడే ఒక జెల్ల చేప మొదటి గుంటలో పడింది. ఆగింది. తోక ఝాడించి రెండో గుంటలోకి దూకింది. దాని వెనుక పరకలు, వెండి రేకుల్లా. జనం మెడలు చాచారు. చివరి గుంట నుంచి జెల్ల పైపు నోట్లోకి దూరి మాయమయ్యేసరికి గజానన్ కుస్తీ పోటీలో కేకేసినట్టు కేకేశాడు.

"శాబాష్! ఎక్కిందిరా! ఇంకోటి, అగో, ఇంకోటి!"

బుట్ట పక్కన పడేసి పందేలు కూడా కాశాడు. అంతమంది ఒక్క చేపను కూడా ముట్టకుండా చూస్తూ నిలబడ్డారు. అవి పైపు దాటి మడుగు వైపు ఈదడం కళ్లారా చూడాలని మాణిక్ గట్టెక్కి, రోడ్డు దాటి, అవతలి వైపుకు పరుగెత్తాడు.

పైపుల అవతలి మూతులకు అడ్డంగా వల కట్టి ఉంది.

నడుములోతు నీళ్లలో వల తాడు పట్టుకొని చంద్రభాగ నిలబడి ఉంది.

"ఏంది చెల్లె గిది?"

ఆమె పెదవులు చలికి వణుకుతున్నాయి. "వస్తయని నువ్వంటివి. నాకు నమ్మకం లేకపాయె అన్నా. ఒక్కటన్న వస్తదా, చూద్దామని కట్టిన. వస్తే ఇప్పేద్దామనే."

"వచ్చినయ్ గద! ఇప్పు!"

"చేతులు రాలే. మూడేండ్లాయె ఇన్ని చాపలు చూడక. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంట గిట్లనే నిలబడ్డ."

మాణిక్ నీళ్లలోకి దూకి తాడు తెంపాడు. వల బరువుగా విచ్చుకుంది. ఉరవడికి ఒకదాని మీద ఒకటి నొక్కుకుపోయి చాలావరకు చచ్చాయి. పగిలిన పొట్టల నుంచి పచ్చని గుడ్లు వల కన్నులకు అంటుకొని ఉన్నాయి. చంద్రభాగ చచ్చిన చేపలను కూడా రెండు చేతులతో మడుగు వైపు తోసింది. "పోండ్రి... పోండ్రి తల్లీ..." ప్రవాహం వాటిని మళ్లీ ఆమె కడుపు మీదికే తెచ్చింది.

తలెత్తితే రోడ్డు మీద గజానన్. వెనుక జనం.

"మా పొయ్యిలు ఆర్పుకొని మేం నిలబడితే, గిదా సంగతి?" అన్నాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"పటేలా, ఆమె..." అన్నాడు మాణిక్. ఏం చెప్పినా వల కళ్ల ముందే ఉంది.

"నీ చెల్లెనే నమ్మలే నిన్ను. మేమెందుకు నమ్మాల్రా?"

జనం మోరీ కిందికి దిగారు. గుంటకొకరు. బుట్టల అవసరం కూడా లేకపోయింది. అలుపు తీర్చుకుంటున్న చేపలు చేతులకే దొరికాయి. ఉమాబాయి మాత్రం ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకొని ఇంటికి పోయింది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి వాగు బురద బురదగా పారుతోంది.

దసరా పోయాక చెరుకు లారీ వచ్చింది. "చలా, బసా లవ్‌కర్!" అని ముకాదం మరాఠీలో తొందరపెడుతున్నాడు. మాణిక్ జొన్నరొట్టెల మూట పైకి అందించాడు. చంద్రభాగ మూట అందుకొని, అతని చెయ్యి కూడా పట్టుకొని అడిగింది.

"తాడు తెంపినంక ఒక్కటన్న మడుగుల చేరి ఉంటదా అన్నా?"

వారం వారం అతను ఆ మడుగు గట్టున కూర్చొని చూశాడు. నీళ్లు తేటగా ఉండేవి, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా. వాటిలో ఏదీ కదిలేది కాదు.

"చేరినయ్ చెల్లె," అన్నాడు. "పిల్లలు గూడ పెట్టినయ్. నేను చూసిన."

లారీ కదిలింది. ఆమె నమ్మినట్టే తలూపింది.