పెద్దపిల్ల మీదుగా

నాకు పెళ్ళయిన ఏడాదికే సవతి వచ్చింది. ఒళ్ళంతా బొచ్చు, నాలుగు కాళ్ళు, కుక్కపిల్లంత ఉండేది. అడవిలో ఎవరో పెట్టిన ఉచ్చులో పడి కుడిచెయ్యి నలిగిపోతే జంతువుల పార్కుకు తెచ్చారు. మా ఆయన అక్కడ ఎలుగుబంట్లను చూసుకునే పనివాడు. పాలసీసాతో దాన్ని పెంచే పని ఆయన నెత్తిన పడింది. పడింది అనడం తప్పు, ఆయనే ఎత్తుకుని నెత్తిన పెట్టుకున్నారు. మా అమ్మాయి ఆ తర్వాత పుట్టింది గనక, ఎలుగుకు పెద్దపిల్ల అని పేరు ఖాయం చేశారు. ఊహ తెలిశాక మా అమ్మాయి "అయితే నేను రెండోదాన్నా నాన్నా?" అని ముక్కు చీదింది. "నువ్వు చిన్నపిల్లవి, గారాబమంతా నీదే" అని నచ్చజెప్పారు గానీ, ఆ గారాబం ఎవరికి దక్కిందో ఇంట్లో అందరికీ తెలుసు.

రోజూ పొద్దున్నే ఆవరణ వెనక ఇనప తలుపు దగ్గర నిలబడి "పెద్దపిల్లా, రావే" అని ఒక్క కేక వేసేవారు. అది ఏ మూల నిద్రపోతున్నా లేచి పరుగెత్తుకొచ్చేది. తలుపులో ఛాతీ ఎత్తున చిన్న కంత ఉంటుంది, రేకు జరిపితే తెరుచుకుంటుంది. "చెయ్యేదీ" అనగానే ఎడమచెయ్యి ఆ కంతలోంచి బయటికి చాపేది. కుడిచెయ్యి ఎవరికీ ఇచ్చేది కాదు, ఉచ్చు సంగతి మరిచిపోలేదు మరి. ఈయన ఆ చెయ్యి పట్టుకుని ముళ్ళు తీసేవారు, గోళ్ళు కత్తిరించేవారు, డాక్టరు సూది వేస్తుంటే కబుర్లు చెప్పేవారు. నేను టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు నా చెయ్యి అంత శ్రద్ధగా పట్టుకున్న పాపాన పోలేదు. ఆ మాట అంటే, "నువ్వు గీరతావే, అది గీరదు" అనేవారు. అంతటి సరసుడు నా మొగుడు.

ఇలా ఉండగా పార్కు చేతులు మారింది. కొత్త కంపెనీ, కొత్త మేనేజరు. జంతువును పేరు పెట్టి పిలవకూడదట, చేత్తో పెట్టకూడదట, మనిషికి అలవాటు పడకూడదట. తిండి ఆవరణ మధ్యలో ఉన్న బండ మీద పడేసి పోవాలట. పుట్టిన దగ్గర్నుంచీ మనిషి చేతి మీద బతికిన జీవాన్ని ముసలితనంలో అడవి జంతువును చేస్తారట. వయసైపోయిందని చెప్పి పాతవాళ్ళను ఇంటికి పంపారు. ఆఖరి రోజు దాన్ని ఒకసారి చూసి వస్తానంటే, "జంతువుకి వీడ్కోలు ఏంటయ్యా" అని ఆ మేనేజరు నవ్వాడట. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ పల్లెత్తు మాట అనని మా ఆయన, చేతిలో ఉన్న చేపల బకెట్టు తీసుకెళ్ళి వాడి బూట్ల మీద బోర్లించారు. ఆ సాయంత్రం నాకెంత సంతోషమైందో చెప్పలేను. మర్నాడు ఆయన ఫొటో గేటు దగ్గర అంటించారు, ఈ మనిషిని లోపలికి రానివ్వొద్దని. నా సంతోషం ఆవిరైపోయింది.

జింకల దగ్గర పనిచేసే ఆయన ఒకడు ఇంకా లోపల మిగిలాడు. మేమందరం జింకలాయన అనే పిలుస్తాం. ఆయనే ఫోన్ చేశాడు.

"అన్నా, పెద్దపిల్ల వారం నుంచి తినడం లేదు. గోడవార పడుకుంది, లేవట్లేదు. నేను పిలిచి చూశా. చెవి కూడా కదపలేదు."

"డాక్టరేమన్నాడు?"

"జబ్బేం లేదంటున్నాడు. రేపటిదాకా చూసి, తినకపోతే సూదేసి శాశ్వతంగా నిద్రపుచ్చేస్తారట. బాధ పడకుండా చూస్తాం అంటున్నారు."

మా ఆయన ఆ మేనేజరుకు ఫోన్ చేసి బతిమాలారు. బూట్లు తుడుస్తానన్నారు, కాళ్ళు పట్టుకుంటానన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఫోన్ పెట్టేసి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. తిరిగి తిరిగి, పార్కు వెనకున్న కొండ వైపు చూస్తూ ఆగిపోయారు.

ఆ కొండ మీద జిప్‌లైన్ ఉంది. మంచె నుంచి మంచెకు ఇనప తీగ కట్టి, మనుషుల్ని బెల్టులతో దానికి తగిలించి జంతువుల మీదుగా జారుస్తారు. ఆ వ్యాపారం వేరేవాళ్ళది, వాళ్ళ గేటు పార్కు వెనక వీధిలో. అక్కడ ఆయన ఫొటో లేదు.

"రెండో తీగ సరిగ్గా ఎలుగుల మీదుగా పోతుందే," అన్నారు.

"పోతే? పైనుంచి దానికి అన్నం పెడతారా?"

"గొంతు వింటే చాలు. నేనున్నానని తెలిస్తే తింటుంది."

"ఏమని పిలుస్తారు?"

"రోజూ పిలిచినట్టే," అన్నారు. నేను బుర్ర ఊపాను. ఇద్దరికీ బుర్రలున్నాయి, ఒక్కటీ పనిచెయ్యలేదు.

నేనూ వస్తానన్నాను. అటకెక్కాలంటేనే కళ్ళు తిరిగే మనిషిని, ఎందుకన్నానో నాకే తెలియదు. ఒంటరిగా పంపబుద్ధి కాలేదు, అంతే.

వెనక వీధి ఆఫీసులో ముందు బరువు చూశారు. అంతమంది కుర్రకారు ముందు, కాటా మీద. తూచిన అబ్బాయి నా అంకె గట్టిగా చదివాడు. నేను వాడి వంక చూసిన చూపుకి మా ఆయన అంకె మాత్రం గొణిగాడు. ఆయన ఎంత తగ్గిపోయారో వాడు చెప్పకపోయినా నాకు తెలుసు, ప్యాంటు బెల్టుకు కొత్త కన్నం పొడిచింది నేనే. మా గైడు ఒక అమ్మాయి, చురుకైంది. తొడలకి, నడుముకి పట్టీలు బిగించి, నెత్తిన హెల్మెట్ పెట్టి, "భయం లేదు ఆంటీ, అంకుల్ ఉన్నారుగా" అంది. ఆ అంకుల్ కోసమే నా భయమంతా అని దానికేం తెలుసు.

"అరవాలనిపిస్తే అరవండి, అందరూ అరుస్తారు. కిందున్న జంతువులకి అలవాటైపోయింది, పట్టించుకోవు," అని కూడా చెప్పింది.

మొదటి తీగ జింకల మీదుగా. నేను కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, అవతలి మంచె మీద దిగాను. రెండో తీగకు మా ఆయన ముందు నిలబడ్డారు. కొత్త పెళ్ళికొడుకులా గొంతు సవరించుకున్నారు, చొక్కా కాలరు సర్దుకున్నారు. ఎవరి కోసం సర్దుకుంటున్నారని వేళాకోళం చేద్దామనుకున్నాను గానీ, వెనక మడతపడ్డ కాలరు నేనే సరిచేశాను.

"కాళ్ళు ముందుకు చాపి ఉంచండి అంకుల్, లేకపోతే వెనక్కి తిరిగిపోతారు," అని చెప్పి గైడు వదిలింది.

ఆయనకు ఆ మాట వినబడిందో లేదో. మంచె దాటగానే కేక వేశారు. "పెద్దపిల్లా, రావే. పెద్దపిల్లా, రావే." సగం దూరం పోయాక మనిషి గిర్రున వెనక్కి తిరిగిపోయారు. మొహం మా వైపు, వీపు ఎలుగుల వైపు. కాళ్ళు కొట్టుకుంటూ, మెడ తిప్పుకుంటూ, పిలుస్తూనే పోయారు. ఆ గొంతు ఏళ్ళ తరబడి విన్నాను, అంత దీనంగా ఎప్పుడూ వినలేదు. ఇటు పిల్లలెవరో నవ్వారు. నాకు వాళ్ళ హెల్మెట్ల మీద ఒక్కటివ్వాలనిపించింది.

తర్వాత నేను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆయన చూడలేకపోయింది నేనైనా చూడాలి కదా.

చెట్లు దాటగానే ఆవరణ కనబడింది. మధ్యలో బండ. బండ మీద ఆపిళ్ళు, రొట్టె, చేపలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, కాకులు పొడుస్తున్నాయి. గోడవార పడుకుని ఉంటుందన్న చోట అది లేదు. నా గుండె ఒక్కసారి పొంగింది. లేచింది, వారం నుంచి లేవనిది లేచింది. ఎక్కడుందా అని వెతికితే, నడుస్తూ కనబడింది. తోలు వదులైపోయి, పరాయివాళ్ళ కోటు వేసుకున్నట్టు వేలాడుతోంది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ బండ పక్కనుంచే పోయింది. తిండి వంక కన్నెత్తి చూడలేదు. పైకీ చూడలేదు. తిన్నగా ఇనప తలుపు దగ్గరికి పోయి, దాన్ని పట్టుకుని రెండు కాళ్ళ మీద నిలబడి, మూసేసిన కంత మీద ఎడమచెయ్యి ఆనించింది.

అంతే చూశాను. తీగ నన్ను లాక్కుపోయింది.

అవతలి మంచె మీద ఆయన నా బెల్టు విప్పనివ్వకుండానే చెయ్యి పట్టుకున్నారు. "కనబడిందా? నాకేం కనబళ్ళేదే, ఆకాశం తప్ప. చూసిందా నన్ను?"

ముక్కుమీద గుద్దినట్టు నిజం చెప్పే మనిషినని నాకు పేరు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"చూసింది. లేచి, తలెత్తి మీ వంకే చూసింది. తర్వాత బండ దగ్గరికి పోయి తింటోంది."

ఆయన నవ్వారు. ఉద్యోగం పోయిన తర్వాత ఇదే నవ్వడం. మా వెనకే జారి వచ్చిన గైడమ్మాయి చేతులు రెండూ పట్టుకుని ఊపేశారు. "మా పెద్దపిల్లమ్మా. కిందుంది మా పెద్దపిల్ల." ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాక, బాగుంది అంకుల్ అంది. నేను మొహం తిప్పుకుని చెట్ల వంక చూశాను.

ఇంకా ఒక తీగ ఉంది. దాని మీద పోతే తప్ప కిందికి దారి లేదు. వరసలో నిలబడ్డాం. ముందు బోలెడన్ని కబుర్లు చెప్పారు, రేపు ఆ డాక్టరు మొహం చూడాలన్నారు. మాటలు మెల్లగా తగ్గాయి. చివరికి నా వంక తిరిగారు.

"బండ దగ్గరికి పోయిందన్నావు కదూ?"

"ఆఁ."

"నేను పిలిస్తే అది బండ దగ్గరికి ఎందుకు పోతుందే?"

నేను హెల్మెట్ పట్టీ సర్దుకున్నాను.

"తినమని నేనెప్పుడూ చెప్పలేదు దానికి. నేను నేర్పిన మాట అదొక్కటే. రమ్మని. రమ్మంటే తలుపు దగ్గరికి వస్తుంది." ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. "తలుపు దగ్గరుందా?"

"ఉంది."

"నిలబడిందా?"

"నిలబడింది."

"అంకుల్, మీ వంతు," అంది గైడు.

"వెనక్కి పోయే తీగ లేదామ్మా?"

"లేదంకుల్. ఇటు రావడమే, అటు పోవడం ఉండదు."

ఆయన కాళ్ళు ముందుకు చాపి, చెప్పినట్టు బుద్ధిగా కూర్చుని జారారు. ఈసారి నోరు తెరవలేదు.

కింద దిగీ దిగగానే జింకలాయనకు ఫోన్ చేశారు. కంత తెరిచి, ఒక్క ముద్ద అక్కడ పెట్టరా తమ్ముడూ అని బతిమాలారు. కంత రేకుకు తాళం వేశారట, తాళంచెవి మేనేజరు దగ్గరుందట. జింకలాయన గోడ మీదనుంచి ఆపిళ్ళు విసిరి చూశాడు, ఒకటి దాని కాళ్ళ దగ్గరే పడిందట, వంగి చూడలేదట. అక్కణ్ణుంచి మేము పెద్ద గేటుకు పోయాం. కాపలావాడు పాత స్నేహితుడే. "అన్నా, నా ఉద్యోగం పోతుందన్నా" అని ఏడ్చినంత పనిచేశాడు. ఆ పక్కనే గోడ మీద మా ఆయన ఫొటో. బకెట్టు బోర్లించక ముందెప్పుడో గుర్తింపు కార్డు కోసం తీసింది, అందులో నవ్వుతున్నారు. గేటు మూసేదాకా అక్కడే నిలబడ్డాం. నేను ఆ మేనేజరును, వాడి ఏడుతరాలను నోరారా తిట్టాను. వినడానికి వాడక్కడ లేడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆయన తీయలేదు, నా చేతికిచ్చారు.

"అయిపోయిందక్కా," అన్నాడు జింకలాయన. "అన్నకి చెప్పు, అస్సలు బాధ పడలేదు. మామూలుగా అయితే దూరం నుంచి తుపాకీతో సూది కొట్టాలి, చాలా గొడవ. ఇది రాత్రంతా తలుపు దగ్గరే ఉందట. డాక్టరు కంత రేకు జరిపాడో లేదో, చెయ్యి తనే బయటికి చాపింది. ఇంత సులువుగా ఎప్పుడూ అవలేదని డాక్టరే ఆశ్చర్యపోయాడక్కా."

ఓదార్పుగానే చెప్పాడు పాపం. మంచివాడు. నేను సరే అని పెట్టేశాను. నా సవతి పీడ విరగడైంది, నాకు కూర్చోవడానికి కుర్చీ కనబడలేదు.

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు. "ఏమన్నాడు?"

ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు. "చెయ్యి చాపిందట," అన్నాను. "కంత తెరవగానే, తనంతట తనే."

"ఏ చెయ్యి?"

"అడగలేదండీ."

"ఎడమదే అయ్యుంటుంది," అన్నారు. "నేననుకుని ఉంటుంది."