మణికట్టు మీది ఏడుపు

చిన్నకోడలికి చెవులు వినబడవన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి సంగతి పట్టేస్తుంది, గట్టి గొంతుతో జవాబు చెబుతుంది. పెళ్లినాడు అత్తగారు, "పోన్లే, నేను తిట్టినా బాధపడదు" అని నవ్వింది కూడా. పాప పుట్టాకే ఆ చెవుడు అందరికీ బెంగగా మారింది.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు పొయ్యివైపు తిరిగి కూర కలుపుతోంది. అత్తగారు మేడమీద బట్టలు ఆరేస్తోంది. మధ్యగదిలో పాప ఏడ్చి ఏడ్చి, ముఖం కందిపోయి, గొంతు బొంగురుపోయింది. అత్తగారు పరుగున దిగి వచ్చేసరికి తల్లి తీరిగ్గా ఉప్పు చూసుకుంటోంది. పాపను చంకనేసుకుని ఆవిడ వంటగదిలోకి వచ్చి కోడలికి ఎదురుగా నిలబడింది.

"ఇక చాలు. తొట్టి నా గదిలో ఉంటుంది. పాలవేళకి పాపను తెచ్చిస్తాను."

"పాలివ్వడానికి నేనూ, పడుకోబెట్టుకోవడానికి మీరూనా?" అంది చిన్నకోడలు. "నేనేమన్నా పాలడబ్బానా అత్తయ్యా?"

అంది గానీ, పాప ముఖం చూశాక పొయ్యి కట్టేసి దగ్గరికి వచ్చింది. అత్తగారు చెడ్డమనిషి కాదు, భయపడ్డ మనిషి. ఆ భయం ఆమెకూ ఉంది. కానీ భయపడి బిడ్డను వదులుకోవడం ఆమె వల్ల కాదు.

"ఆదివారం దాకా ఆగండి. పాప ఏడిస్తే నాకు తెలిసే ఏర్పాటు చేసుకుంటాను. అప్పుడు మీరే పరీక్ష పెట్టండి."

"పాప ఏడవకపోయినా ఏడ్చిందని పరుగెత్తుకొచ్చావనుకో, ఏడ్చినా తెలియలేదనుకో, తొట్టి నాది" అంది అత్తగారు. ఆవిడ మాటంటే మాటే. చిన్నకోడలు సరేనని మాటిచ్చింది.

పెళ్లికి ముందు చిన్నకోడలు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసింది. కంటికి ఆనని ముక్కలకు టంకం పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. సొరుగులోంచి, ప్రోగ్రాము రాస్తే చెప్పినట్టు పనిచేసే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డులు రెండు తీసింది. ఒకదానికి మైకు కలిపి తొట్టి కోళ్లకు కట్టింది. రెండోదానికి పాత ఫోనులోంచి ఊడదీసిన అదురుడు మోటారూ, చిన్న బ్యాటరీ అతికించి, గుడ్డపట్టీలో పెట్టి మణికట్టుకు చుట్టుకుంది. తొట్టి దగ్గర బోర్డు వింటుంది, తీగ లేకుండానే కబురందుకుని చేతి మీద బోర్డు గిలగిలా కొట్టుకుంటుంది.

వినబడని మనిషి శబ్దాన్ని కొలవాలంటే కళ్లతోనే కొలవాలి. లాప్‌టాప్ తెర మీద గీత లేచేదీ పడేదీ చూస్తూ, పళ్లు బిగబట్టి కూర్చుంది. పళ్లెం పడేస్తే గీత ఎగిరి టక్కున పడిపోయింది. కుక్కర్ కూతకు ఒకే పొడుగుగా సాగి ఆగింది. పాప ఏడుపు అలా కాదు: సాగుతుంది, ఊపిరి కోసం ఆగుతుంది, మళ్లీ సాగుతుంది. ఆ తీరునే ప్రోగ్రాములో రాసింది. అత్తగారి తిట్లకు మాత్రం ఎక్కిన గీత దిగకుండా సాగింది. మధ్యలో ఊపిరి తీసుకునే అలవాటు ఆవిడకు లేదు. కాబట్టి తిట్లకు పట్టీ అదరలేదు. చిన్నకోడలు ఒంటరిగా పడీ పడీ నవ్వుకుంది.

ఆదివారం వచ్చింది. పాప నిద్రపోయాక అత్తగారు తొట్టి పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. చిన్నకోడలి భర్త గుమ్మానికి ఆనుకున్నాడు. చిన్నకోడలు ముందుగదిలో కూర్చుని పాప గౌనుకు అంచు కుడుతోంది. తలుపు తెరిచే ఉంది.

మణికట్టు అదిరింది. సూది పారేసి పరుగెత్తింది. పాప గుప్పిళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతోంది.

వచ్చి కూర్చుంది. నాలుగు కుట్లు వేసిందో లేదో, మళ్లీ అదిరింది. మళ్లీ పరుగు. మళ్లీ అదే నిద్ర.

"అత్తయ్యా, మీరు గానీ గురకపెట్టారా?"

"కూర్చుని గురకపెడతానటే! నీ మిషన్‌కి నీకంటే చెవుడు." అత్తగారు లేచి తొట్టికి చేయివేసింది.

భర్త అడ్డం వచ్చాడు. భార్యకు తన పెదవులు కనబడేలా వెలుతురులోకి తిరిగాడు. "మిషన్‌ది తప్పు కాదు. నువ్వు పాడుతున్నావు."

"నేనా?"

"చేతిలో సూది ఉన్నా, టంకం ఉన్నా కూనిరాగం తీస్తావు. సాగదీస్తావు, ఊపిరికి ఆగుతావు, మళ్లీ సాగదీస్తావు. అది పాప ఏడుపనుకుంటోంది."

ఆమె చేయి తనంతట తనే గొంతు మీదికి వెళ్లింది. "ఎప్పట్నుంచి?"

"షాపులో నిన్ను చూసినప్పట్నుంచి."

"ఎవరెవరికి తెలుసు?"

అత్తగారు జవాబిచ్చింది. "వీధి వీధంతా తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే సిగ్గుపడి మానేస్తావని" అన్నాడతను.

ఆమెకు సిగ్గు రాలేదు, ఒళ్లు మండింది. తన గొంతు ఊరందరిదీ అయి, తనకొక్కదానికే అందకుండా పోయిందన్న కోపం. "నాది నాకు చెప్పడానికి మీకు జాలి అడ్డొచ్చిందా!" అని అరిచింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. పట్టీ అదిరింది, ఈసారి న్యాయంగా.

అత్తగారు పాపను జోకొడుతూ నెమ్మదిగానే అంది. "సరేలే. పాట మానెయ్, తొట్టి ఉంచుకో."

"పాటా మానను, తొట్టీ ఇవ్వను."

"మాటిచ్చావు కదే."

అవును, ఇచ్చింది. తొట్టి అత్తగారి గదికి వెళ్లింది. చిన్నకోడలు అడ్డం వెళ్లలేదు, ఏడవనూలేదు. టంకం కడ్డీ వేడిచేసింది.

పాటలు పాడే గ్రీటింగు కార్డుల్లో ఇత్తడిరంగు బిళ్ల ఒకటి ఉంటుంది. ఒంటికి ఆనిస్తే లోపలి అదురును పసిగడుతుంది. దాన్ని రిబ్బనుకు కుట్టి గొంతు కింద కట్టుకుంది. ఇప్పుడు మిషన్ రెండు చోట్ల వింటుంది: తొట్టి దగ్గరా, ఆమె మెడ దగ్గరా. తొట్టి మైకు విన్నదాంట్లోంచి మెడ బిళ్ల చెప్పింది తీసేయాలి. మిగిలింది పాపది. చెప్పడానికి ఇంతే, చేయడానికి తలప్రాణం తోకకొచ్చింది. మొదట్లో ఆమె పాడితే మిషన్ పాప ఏడుపు కూడా కలిపి తీసేసేది. రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసింది. ఈసారి తెర ముందు పళ్లు బిగబట్టలేదు. కావాలనే పాడింది.

ఒక సాయంత్రం రిబ్బను కట్టుకుని అత్తగారి గది గుమ్మంలో నిలబడింది. ఆవిడ పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప కళ్లు బంతుల్లా తెరుచుకునే ఉన్నాయి. చిన్నకోడలు పట్టీ ఉన్న చేయి ఎత్తి చూపిస్తూ, తెలిసి తెలిసి, వీధికి వినబడేలా కూనిరాగం తీసింది. పట్టీ కదల్లేదు. పాప మూతి విరిచి ఏడుపు రాగం అందుకుంది. పాట సాగుతుండగానే పట్టీ గిలగిలలాడింది.

ఆమె పాట ఆపకుండానే తొట్టిని తన గదివైపు లాక్కుపోసాగింది.

"ఇంకో పరీక్ష పెట్టాలి నేను" అంది అత్తగారు ఎదురొచ్చి.

"పెట్టండి. తొట్టి నా గదిలో ఉండగా పెట్టండి."

ఆవిడ ఓ క్షణం గుర్రుగా చూసి, దారి ఇచ్చింది.

కొన్నాళ్లకు చిన్నకోడలు మేడమీద బట్టలు తీస్తుండగా మణికట్టు అదిరింది. తను పాడుతోందేమోనని పాత అలవాటున గొంతు తడుముకుంది. గొంతు నిశ్చలంగా ఉంది. బట్టలు పారేసి ఒక్క పరుగున దిగింది.

పాప ఏడవడం లేదు. తొట్టి పక్కన కూర్చున్న అత్తగారి ఒళ్లో, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. అత్తగారి పెదవులు మూసే ఉన్నాయి, కానీ గొంతు కదులుతోంది. చిన్నకోడలు వెనకనుంచి వెళ్లి ఆవిడ వీపు మీద అరచేయి ఆనించింది. అదురు సాగింది, ఆగింది, మళ్లీ సాగింది.

అత్తగారు తల తిప్పి, దొరికిపోయిన దొంగలా చూసింది. "నాకొచ్చిన లాలిపాటలన్నీ పాడానే. కన్ను మూయదు. శ్రుతీ మాటలూ లేని నీ పాటే కావాలిట దొరసానికి."

చిన్నకోడలు చేయి తీయలేదు. తన రాగం ఇలా ఉంటుందని ఆమెకు తెలియడం అదే మొదలు.

"అయితే నా పాటకి కూడా అదురుతోందా అది? పరుగెత్తుకొచ్చావు పాపం. నా గొంతు కూడా నేర్పెయ్ దానికి, ఊరుకుంటుంది."

"నేర్పను అత్తయ్యా" అంది చిన్నకోడలు. "మీరు పాడితే నాకు తెలియాలి."