మేడ మీది ఈల

పవిత్రన్‌కి కరోనా అని తేలిన రోజునే సౌదామిని మొగుణ్ణి మేడ మీది గదిలోకి తోలేసింది. ఆయన వెళ్తూ వెళ్తూ తన ఈల మెడలో వేసుకున్నాడు. కేరళలో వాళ్ళ ఊరు వడగర చుట్టుపక్కల వాలీబాల్ పోటీలన్నిటికీ రిఫరీగా ఉండి ఊదిన ఈల అది. దగ్గి దగ్గి గొంతు పోయింది కనుక ఇక అదే తన నోరన్నాడు. ఒకసారి ఊదితే చాయ, అంటే టీ; రెండుసార్లయితే గంజి. ఏమీ తోచకపోయినా ఊదేవాడు. ఆ మనిషికి పెద్దరికం అన్నది ఏ కోశానా లేదు.

ఒక సాయంత్రం గంజిలో ఉప్పు లేదని ఆపకుండా ఊదేసరికి సౌదామినికి ఒళ్ళు మండింది. మెట్ల కింద నిలబడి, వీధి వీధంతా నవ్వుతోందని, ఇంకోసారి ఆ ఈల వినిపిస్తే చాయ కూడా ఇవ్వనని కేకలేసింది. నిజానికి ఎవరూ నవ్వలేదు. పక్కింటి నాణు అయితే ఆ ఈల విని తనూ చాయ పెట్టుకునేవాడు.

మర్నాడు పొద్దున ఈల మోగలేదు. ఆమె కొబ్బరి కోరుతుంటే మేడ మీంచి తుస్సుమని గాలి చప్పుడు వచ్చింది. కాసేపాగి మళ్ళీ వచ్చింది.

"అలిగి బుసలు కొడుతున్నారా రిఫరీగారూ? కొట్టండి. ఎంతసేపు కొడతారో నేనూ చూస్తా."

చాయ తీసుకెళ్ళి గుమ్మం ముందు పెట్టి, తలుపైనా తట్టకుండా దిగి వచ్చేసింది. ఆమెకూ పౌరుషం ఉంది మరి.

మధ్యాహ్నం గంజితో వెళ్తే చాయ గ్లాసు పెట్టినచోటే ఉంది, మీగడ కట్టి. తలుపు తోసింది. పవిత్రన్ మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. మూతి ఓ పక్కకి జారిపోయింది, కుడి చెయ్యి కదలడం లేదు. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

నాణు అంబులెన్సు పిలిచాడు. కోళిక్కోడ్ ఆసుపత్రిలో, ఒళ్ళంతా కప్పుకున్న డాక్టరు ముందుగా అడిగింది, ఆయన ఆఖరుసారి బాగున్నది ఎప్పుడని. నిన్న సాయంత్రం పోట్లాడుకున్నామని చెప్పింది సౌదామిని. మెదడులో రక్తం గడ్డ అడ్డుపడిందట. కరోనాలో రక్తం తోడేసిన పాలలా పేరుకుంటుందట. తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆ గడ్డను లాగేస్తారట. చాలా ఆలస్యమైందని, అయినా మెదడు కొంత బతికే ఉందని స్కాను చూసి చెప్పింది డాక్టరు.

గడ్డ బయటికి వచ్చేసిందని కబురు రాగానే సౌదామిని వరండాలో కూలబడి ఏడ్చింది. ఇంటికి తీసుకెళ్ళి రోజంతా ఊదుకోనిస్తానని లోకనార్‌కావు అమ్మవారికి మొక్కుకుంది.

తెల్లారేలోగా మెదడులో అదే చోట మళ్ళీ గడ్డకట్టింది. తీశారు. మళ్ళీ కట్టింది. ఇక తీసినా ఉపయోగం లేకపోయింది. పొద్దెక్కేసరికి పవిత్రన్ ప్రాణం పోయింది.

డాక్టరు ముసుగు తీసి బయటికి వచ్చింది. చిన్నపిల్ల, మొహం నిండా ముసుగు అచ్చులు. మొదటి గడ్డ తీశాక ఆయనకి కాసేపు మాట వచ్చిందని చెప్పింది.

"ఏమన్నారు తల్లీ?"

"అలగలేదని మీకు చెప్పమన్నారమ్మా. ఊదాను, గాలే వచ్చింది అన్నారు."



"విన్నాను తల్లీ," అంది సౌదామిని. "కొబ్బరి కోరుతూ రెండుసార్లు విన్నాను. ఎగతాళి చేశాను."